రైస్ పేపర్‌ని నానబెట్టకండ్రా బాబూ (మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి)

మొన్న శనివారం ఒక తమ్ముడు ఇంటికొచ్చాడు, యూనివర్సిటీ జులై ఇంటేక్‌లో (జులైలో చేరే బ్యాచ్) దిగినవాడే, పనిచేసేచోట లంచ్ పెట్టుకుని 'బ్రింగ్ ఎ ప్లేట్' అన్నారంట. అంటే ఇంట్లో ఏదోటి చేసి అందరికీ పట్టుకురమ్మని, ఆ సంగతి తెలుసు వీడికి. రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని ఇరవై రైస్ పేపర్ రోల్స్ (పల్చటి బియ్యప్పిండి రేకులో ఆకులూ రొయ్యలూ పెట్టి చుట్టే వియత్నాం వంటకం) చుట్టి, స్టీలు డబ్బాలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున్నే తీస్తే డబ్బా ఆకారంలో ఒకటే ముద్ద. విడదీద్దామంటే పేపర్లు పీక్కొచ్చి రొయ్యలు బయటికి చూస్తున్నాయి. దార్లో చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని పోయాడు పాపం. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, ఎందుకంటే ఇవన్నీ నేను ఆల్రెడీ చేసేసిన తప్పులే, ఎవడూ అడగడు, అడక్కపోతే నేనూ చెప్పను.

నా మొదటి మూడు నెలలు మెల్‌బోర్న్ పడమటివైపు సెయింట్ ఆల్బన్స్‌లో ఐదుగురం ఒకే కిచెన్. పోపు వేస్తే స్మోక్ అలారం, చేప వేయిస్తే అలారం, ఒకడు కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే ఇంకొకడు కిటికీలు తీయడం, అదీ ఇక్కడి జులై చలిలో. అప్పుడే పొగా వాసనా లేని వంట కోసం ఈ రోల్స్ మీద పడ్డా. వియత్నాంలో దక్షిణాదివాళ్ళు దీన్ని గోయ్ కువోన్ అంటారు, వేయించరు, కాల్చరు. పైగా మనం ఉండే ట్రైన్ లైన్లోనే ఫుట్‌స్క్రే, స్టేషన్ దిగితే ఎదురుగానే మార్కెట్. ఊరికి ఆగ్నేయంవైపు ఉండేవాళ్ళకి స్ప్రింగ్‌వేల్ ఉంది. 1975 తర్వాత వచ్చిన వియత్నాం వాళ్ళు నిలబెట్టిన బజార్లు ఇవన్నీ, ఆకుకూరలు సూపర్‌మార్కెట్‌లోలాగా నాలుగు రెమ్మలు ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా కట్టలు కట్టలుగా దొరుకుతాయి.

కొనేటప్పుడు తడబడేవి చెప్తా వినండి. ఫ్రీజర్‌లో ఉండే స్ప్రింగ్ రోల్ షీట్లు గోధుమవి, అవి నూనెలో వేయించడానికి, వాటి జోలికి పోవద్దు. మీక్కావాల్సింది ఎండు రైస్ పేపర్, బాన్ ట్రాంగ్, 22 సెంటీమీటర్లది, చాపమీద ఆరబెట్టిన గళ్ళ గుర్తు కనబడుతుంది. వర్మిసెల్లి అంటే మన సేమియా కాదు, బియ్యంది తీసుకోండి. 'గ్రీన్ ప్రాన్స్' అని బోర్డు ఉంటే రంగు చూసి కంగారుపడొద్దు, ఇక్కడ గ్రీన్ అంటే పచ్చివి అని, ఎర్రగా ఉన్నవి ఉడికించేసినవి, పొట్టు తీసి నిలువుగా రెండుగా చీల్చి పెట్టేయడమే. 'వియత్నమీస్ మింట్' అని ఇంకోటి ఉంటుంది, అది పుదీనా కాదు, మిరియంలాగా నాలుక్కి తగులుతుంది. నేను మొదటిసారి అదే గుప్పెడు కుక్కా. మామూలు పుదీనా, లెట్యూస్, కీరా, క్యారెట్ చాలు.

ఇప్పుడు అసలు విషయం, నీళ్ళు. రైస్ పేపర్‌ని నానబెట్టకూడదు. వేడినీళ్ళలో అస్సలు వద్దు, ఐదారు కలిపి అసలే వద్దు. ఆ తమ్ముడు ఏం చేశాడో తెలుసా, కెటిల్‌లో నీళ్ళు మరిగించి బేసిన్‌లో పోసి ఎనిమిది షీట్లు ఒకేసారి ముంచాడు, అప్పడాలు అనుకున్నాడేమో! మా అమ్మమ్మగారిది ఆత్రేయపురం దగ్గర ఊరు, పూతరేకులు చుట్టేటప్పుడు రేకుకి తడిగుడ్డ అలా తగిలించి మెత్తబరిచేవాళ్ళు, ఎక్కువ తడి తగిలితే రేకు కరిగి చేతికి అంటుకుపోయేది. ఇది ఆ రేకంత సున్నితం కాదుగానీ ఇదీ బియ్యమే కదా, గుణం పోతుందా. ఇన్నేళ్ళు పూతరేకులు తిని కూడా నాకు ఈ లింకు తట్టడానికి రెండు ప్యాకెట్లు చెత్తబుట్టలో పడాల్సొచ్చింది.

వెడల్పాటి ఫ్రైయింగ్ పాన్‌లో కుళాయి నీళ్ళు పోసి, ఒక్క షీటు వేసి, ఐదు నుంచి పది సెకన్లు, అంతే. చేతిలోకి తీసుకుంటే ఇంకా గట్టిగానే ఉండాలి, గళ్ళు వేలికి తగులుతుండాలి. ఇంకా మెత్తబడలేదే అని మళ్ళీ ముంచుతారు చూడండి, అక్కడే పోతుంది. తడిపిన కటింగ్ బోర్డు మీద పరిచి అరనిమిషం వదిలేస్తే, దానికి పట్టిన తడితో అదే మెత్తబడుతుంది. ఆ అరనిమిషం ఆగలేరు ఎవరూ. పొడి బోర్డు మీద వేస్తే అతుక్కుంటుంది, టిష్యూ పేపర్ మీద వేస్తే టిష్యూతో సహా తినాల్సొస్తుంది. ముందు లెట్యూస్ ఆకు పరవండి, క్యారెట్ మొనలు గుచ్చుకోవు, తర్వాత నీళ్ళు బాగా వడకట్టిన వర్మిసెల్లి, ఆకులు. కింది అంచు మడిచి బిగించి, రెండు పక్కలూ లోపలికి మడిచి, ముందర రొయ్యముక్కలు ఎర్రవైపు కిందకి పెట్టి చుట్టేస్తే పైకి కనబడతాయి. నూనె ఉన్న కూరలు పెట్టొద్దు, నూనె తగిలినచోట అంటుకోదు. మా రూమ్మేట్ ఆవకాయ ముద్ద పెట్టి చుట్టాడొకసారి, రుచి బానే ఉందిగానీ మోచేతిదాకా కారింది.

సాస్‌కి హోయ్‌సిన్ (తియ్యగా చిక్కగా ఉండే చైనా సాస్) రెండు స్పూన్లు, పీనట్ బటర్ ఒక స్పూను, కాసిని వేడినీళ్ళు, వెల్లుల్లి. పల్లీలు ఉన్నాయని పార్టీలో ముందే చెప్పండి, ఎలర్జీ ఉన్నవాళ్ళకి ప్రాణం మీదకొస్తుంది. ఫిష్ సాస్ అయితే నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మిరపకాయలు కలపాలి. వాసనకి భయపడకండి, ఎండుచేపల పులుసు తిన్న ముక్కులే కదా మనవి. శాకాహారులు రొయ్యల బదులు టోఫు (సోయా పాలతో చేసే పనీర్‌లాంటిది) పెట్టుకోండి, వియత్నాం వాళ్ళ హోటళ్ళలో అడిగేటప్పుడు 'చాయ్' అనండి, వాళ్ళ భాషలో శాకాహారం అని. ఎక్కడ తిన్నా సాస్‌లో ఫిష్ సాస్ ఉందేమో విడిగా అడగాల్సిందే.

రాత్రి చేసి పొద్దున్న పట్టుకెళ్ళే ఆలోచన మానుకోండి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కినట్టు ఇదీ బిరుసెక్కుతుంది. లోపలివన్నీ రాత్రే తరిగి డబ్బాల్లో సర్దేసి, పొద్దున్న లేచి చుట్టండి, ఒక్కోదాన్ని విడిగా క్లింగ్ ర్యాప్‌లో చుట్టండి, అంటుకోవు. రొయ్యలవి కాబట్టి ఐస్ ప్యాక్ పెట్టుకోండి, నాలుగు గంటలు బయట ఉండిపోతే పారేయడమే.

సరే, ఇంత తిట్టాక చెప్పకపోతే బాగోదు, మొదటి నాలుగూ అందరికీ చిరుగుతాయి. చిరిగినదాని మీద ఇంకో షీటు చుట్టేస్తే ఎవడికీ తెలీదు, నేను ఇప్పటికీ అదే చేస్తా. ఆ తమ్ముడు మా ఇంట్లో చుట్టిన ఆరోది బానే వచ్చింది, ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపాడు, ఆవిడ 'పచ్చాకులేంట్రా, అన్నం తిన్నావా లేదా' అంది.