పేగు మూలకణాలు, సంకేతాలు – 4వ పాఠం: అడ్డుగీతలు లెక్కపెట్టడం

పోయిన పాఠంలో క్రిప్ట్ బొమ్మ గీసుకున్నాం. చిన్నపేగు గోడలో సన్నటి గుంట, అడుగున మూలకణాలు (విడిపోతూ పేగు లోపలి పొరకి కొత్త కణాలనిచ్చేవి), వాటి మధ్య మధ్యలో వాటిని పోషించే పానెత్ కణాలు. ఈసారి సంకేతాల పటం, అంటే ఏ ప్రోటీన్ దేన్ని నడిపిస్తుందో దేన్ని ఆపుతుందో చూపే బొమ్మ, చదవడం నేర్చుకుందాం. పటంలో బాణం ఉంటే ప్రోత్సాహం, అడ్డుగీత ఉంటే నిరోధం. బాణాలతో పేచీ లేదు, తికమకంతా అడ్డుగీతల దగ్గరే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని నెట్ పరీక్షకి చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేదీ ఇదే: “ఏపీసీ జన్యువు పాడైతే కణాలు తగ్గాలి కదా సార్, గడ్డ ఎందుకొస్తుంది?”

పెన్సిల్ తీసుకుని పైనుంచి కిందికి రాయండి. వింట్ (కణానికి బయటినుంచి వచ్చే సంకేత ప్రోటీన్), బాణం, దాన్ని కణం ఉపరితలం మీద అందుకునే ఫ్రిజిల్డ్ గ్రాహకం. దాని కింద అడ్డుగీత పెట్టి ఏపీసీ, యాక్సిన్, జీఎస్‌కే3 కలిసిన ప్రోటీన్ల గుంపు. మళ్లీ అడ్డుగీత, బీటా-కెటనిన్ అనే ప్రోటీన్. అక్కణ్నుంచి బాణాలే: టీసీఎఫ్4 (జన్యువుల్ని పనిచేయించే ప్రోటీన్), చివర కణవిభజన.

బీటా-కెటనిన్‌ని కణం ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది, ఏపీసీ గుంపు దాన్ని ఎప్పుడూ నాశనానికి పంపుతూనే ఉంటుంది. నల్లా వస్తూనే ఉన్న సంపుకి అడుగున తూము తెరిచిపెట్టినట్టు. వింట్ నల్లా విప్పదు, తూము మూస్తుంది. ఈ ఒక్కటి పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

ఇక లెక్క. మార్పు జరిగిన చోటునుంచి చివరిదాకా ఎన్ని అడ్డుగీతలున్నాయో చూడండి. సరిసంఖ్య అయితే ఫలితం మార్పు వైపే పోతుంది, బేసి అయితే ఎదురు తిరుగుతుంది. సున్నా కూడా సరిసంఖ్యే. వింట్ తగ్గితే రెండు గీతలు, కాబట్టి విభజన తగ్గుతుంది. ఏపీసీ పోతే ఒక్కటే గీత, కాబట్టి విభజన పెరుగుతుంది. పిల్లల ప్రశ్నకి జవాబు ఇదే. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఏపీసీ దెబ్బతినడంతోనే మొదలవుతాయి. పాడైన ఏపీసీ ప్రతితో పుట్టినవాళ్లకి పెద్దపేగులో వందల కొద్దీ పాలిప్‌లు (లోపలి గోడమీద మొలిచే చిన్న గడ్డలు) వస్తాయి. టీసీఎఫ్4 తీసేస్తే? గీతలు సున్నా, విభజన తగ్గాలి. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 1998లో చూపించింది కూడా అదే: టీసీఎఫ్4 లేని ఎలుకపిల్లల చిన్నపేగులో మూలకణాలు నిలవలేదు, పుట్టిన కొద్దికాలానికే ఆ పిల్లలు చనిపోయాయి.

ఇప్పుడు పటాన్ని పైకి పెంచండి. ఆర్‌ఎన్‌ఎఫ్43 అనే ప్రోటీన్ ఫ్రిజిల్డ్‌ని కణం ఉపరితలం మీదనుంచి తీసేస్తుంది, అక్కడొక అడ్డుగీత. ఆర్-స్పాండిన్ అనే ప్రోటీన్ మూలకణం మీదుండే ఎల్‌జీఆర్5 గ్రాహకాన్ని పట్టుకుని ఆర్‌ఎన్‌ఎఫ్43ని పక్కకి తప్పిస్తుంది, మరో అడ్డుగీత. మొత్తం నాలుగు. అంటే ఆర్-స్పాండిన్ పోస్తే విభజన పెరగాలి. 2009లో తొషిరో సాటో క్లెవర్స్ ప్రయోగశాలలోనే ఒక్క ఎల్‌జీఆర్5 కణంనుంచి బుల్లి పేగుని పెంచినప్పుడు పోసినవాటిలో ఇదొకటి, ఈజీఎఫ్ (కణాల్ని పెరగమనే ప్రోటీన్), నాగిన్ అనే మరో ప్రోటీన్ మిగతావి. నాగిన్‌ది చిన్న లెక్క: అది బీఎంపీ అనే సంకేత ప్రోటీన్‌ని ఆపుతుంది, బీఎంపీ మూలకణ గుణాన్ని ఆపుతుంది. రెండు గీతలు.

మరి వింట్ పోయలేదేం? పెరుగుతున్న ముద్దలోనే పానెత్ కణాలు పుట్టి వింట్3 ఇచ్చాయి కాబట్టి. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా అందంగా తోచే విషయం ఇదే: మూలకణం తనని పోషించే పొరుగువాళ్లని తానే కంటుంది. పెద్దపేగులో మామూలుగా పానెత్ కణాలుండవు, అందుకే దాని కణాలు పెంచేటప్పుడు వింట్ బయటినుంచి పోయాలి.

ఒక జాగ్రత్త. ఈ లెక్క దిశ చెబుతుంది, మోతాదు చెప్పదు. పైగా తిరుగుచుట్లు (కిందిది మళ్లీ పైదాన్ని మార్చేవి) ఉన్నచోట ఒక్కసారి లెక్కపెట్టి ఆగకూడదు. ఆర్‌ఎన్‌ఎఫ్43 జన్యువుని పనిచేయించేది వింట్ సంకేతమే, అంటే కిందిది పైదాన్ని అణచేస్తోంది. ఆ చుట్టుని పటంలో చుక్కల గీతతో గుర్తుపెట్టుకోండి.

అభ్యాసం: కణంనుంచి వింట్ బయటికి రాకుండా ఆపే మందు ఉందనుకోండి. ఆర్‌ఎన్‌ఎఫ్43 పాడైన గడ్డ మీద అది పనిచేస్తుందా? ఏపీసీ పాడైన గడ్డ మీద? దెబ్బ పటంలో ఎక్కడుందో, మందు ఎక్కడుందో ముందు గుర్తుపెట్టి, తర్వాత జవాబు రాయండి. 5వ పాఠం ఈ జవాబులతో మొదలుపెట్టి నాచ్ అనే మరో సంకేతానికి వెళదాం.