పది పాసైన పిల్లలు అప్రెంటిస్‌గా చేరాలంటే

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెబుతాను. తల్లిదండ్రులూ, ఆటోనగర్ షాపుల వాళ్లూ తరచూ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

ముందు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పిల్లలూ, పని నేర్పే సంస్థా ఇద్దరూ రిజిస్టర్ అవ్వాలి. వయసు 14 నిండాలి, ప్రమాదకరమైన పనులకైతే 18. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే తర్వాత టెన్షన్.

30 మందికి తగ్గని సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే.

అప్రెంటిస్ కాంట్రాక్ట్ రాసుకోకుండా పిల్లల్ని పనికి పంపకండి. మైనర్లయితే తల్లో తండ్రో సంతకం పెట్టాలి.

యజమానులకు ఒక మాట. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం ఈ పిల్లలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. చీపురిచ్చి వదిలేయకండి. మొదటి వారంలోనే వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) చేతికిచ్చి, షాఫ్ట్ కొలిపించి, రీడింగ్ రాయించండి. తప్పొస్తే మళ్లీ కొలిపించండి. అనుమతి లేకుండా రాత్రి పది దాటాక పని చేయించకూడదు.