నోటుకి కాలదోషం పట్టకముందే: బాకీ, భూమి దావాల గడువు ఎలా లెక్కపెట్టుకోవాలి

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉంది, చుట్టాల్లో సగంమంది బోర్డర్ అవతల పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి వైపు ఉన్నారు. అప్పులు, భూములు, పెళ్లిళ్లు అన్నీ ఈ రెండు వైపుల మధ్యే తిరుగుతుంటాయి. మా నాన్న వరసకి బావ అయ్యే ఒకాయనకి లక్షన్నర ఇచ్చి నోటు రాయించుకున్నారు. ఆయన ప్రతి సంక్రాంతికీ ఇంటికొచ్చి "ఈ పంటకి ఇచ్చేస్తాను బావా, నీ డబ్బు ఎక్కడికీ పోదు" అనేవాడు, నాన్న సరే అనేవారు, నోటు ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. చివరికి ప్లీడరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు తేదీ చూశారు. మూడేళ్లు దాటి నాలుగు నెలలైంది. సంతకం నిజమే, సాక్షులిద్దరూ బతికే ఉన్నారు, తీసుకోలేదని అవతలాయన కూడా అనలేదు. అయినా నోటుకి కాలదోషం పట్టింది, అంటే గడువు దాటిపోయింది, దావా వెయ్యడానికి లేదు. నోటు మడిచి జేబులో పెట్టుకుంటున్నప్పుడు నాన్న ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక మాట తెలుసుకోండి. ఈ గడువులన్నీ 1963 నాటి లిమిటేషన్ యాక్ట్‌లో ఉన్నాయి, అది 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కేంద్ర చట్టం కాబట్టి పర్లాకిమిడిలో వేసినా, శ్రీకాకుళం జిల్లాలో వేసినా గడువు ఒకటే. కోర్టు ఫీజు మారుతుంది, భాష మారుతుంది, గడువు మారదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: గడువు దాటిందని అవతలివాడు అడ్డుచెప్పకపోయినా సరే, జడ్జిగారే తేదీ చూసి దావా కొట్టెయ్యాలి. మూడో సెక్షన్ చెప్పేది అదే. "వాడు మనవాడే, కోర్టులో ఆ పాయింటు ఎత్తడులే" అనుకుని లాభం లేదు.

ఇక లెక్క. ఎన్నేళ్లు అన్నది అందరికీ తెలుసు, బాకీలకి మూడేళ్లు. అందరూ దెబ్బతినేది ఆ మూడేళ్లు ఏ రోజు నుంచి మొదలవుతాయన్న దగ్గర. మన నోట్లలో "మీరు కోరినప్పుడు మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని చెల్లించగలవాడను" అని ఉంటుంది కదా, అది చదివి మనం అడిగిన రోజు నుంచే లెక్క అనుకుంటాం. కాదు. అలాంటి నోటుకి మూడేళ్లు నోటు రాసిన తేదీ నుంచే నడుస్తాయి. నోటు లేకుండా చేబదులు ఇచ్చినా అంతే, డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి లెక్క. ఫలానా తేదీకి తీరుస్తానని నోట్లోనే వాయిదా రాసి ఉంటే మాత్రం ఆ వాయిదా తేదీ నుంచి. దుకాణం అరువుకి, సరుకు ఇచ్చిన రోజు నుంచి. రెండు నెలల్లో కట్టాలని ముందే ఒప్పుకుని ఉంటే ఆ రెండు నెలలు అయ్యాక. మేస్త్రీ పని, వడ్రంగి పని లాంటివాటికి, డబ్బులు ఎప్పుడివ్వాలో విడిగా ఒప్పుకోకపోతే, పని చేసిన దగ్గర్నుంచి మూడేళ్లు.

రోజులు లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజుని వదిలెయ్యాలి. 2023 అక్టోబరు 2న రాసిన నోటుకి చివరి రోజు 2026 అక్టోబరు 2. అది గాంధీ జయంతి, కోర్టు ఉండదు, కాబట్టి మళ్లీ కోర్టు తెరిచిన రోజున వెయ్యొచ్చు, నాలుగో సెక్షన్ అంతవరకు ఒప్పుకుంటుంది. ఆ సదుపాయం కోర్టులో వెయ్యడానికే, కింద చెప్పబోయే చెల్లుకి దాన్ని నమ్ముకోకండి. అసలు చివరి రోజు దాకా వెళ్లనే వద్దు. నేనిప్పుడు ఏ నోటు చేతికొచ్చినా మూడేళ్ల తేదీ లెక్కగట్టి, దానికి ఆరు నెలల ముందు తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటాను.

ఆ ఆరు నెలల్లో చెయ్యాల్సిన మొదటి పని చెల్లు వేయించడం. మన పెద్దవాళ్లకి ఇది బాగా తెలుసు, మన తరమే మర్చిపోయింది. బాకీదారుడు వడ్డీ కిందో అసలు కిందో ఎంతో కొంత కట్టి, ఆ సంగతి నోటు వెనకాల రాసి సంతకం పెడితే, ఆ కట్టిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి. రెండు వేలు కట్టినా చాలు. రాత పెద్దగా అక్కర్లేదు: "ఈ నోటు బాకీలో జమకి ఈ రోజు, అనగా ఫలానా తేదీన, రూ. 2,000 అక్షరాలా రెండు వేల రూపాయలు చెల్లించినాను" అని, కింద సంతకం. రాత ఆయన చేతిది అయినా ఉండాలి, లేదా ఎవరు రాసినా ఆయన సంతకం అయినా ఉండాలి. మీ డైరీలో మీరే "రెండు వేలు ముట్టింది" అని రాసుకుంటే అది చెల్లు కాదు. నోటు వెనకాల మీరే రాసి మీరే సంతకం పెట్టుకున్నా కాదు. ఫోన్‌పేలో వడ్డీ పంపాడనుకోండి, డబ్బు పడిందన్న రుజువు దొరుకుతుంది కానీ, అది ఈ బాకీ కిందే అని కోర్టులో వాదించుకునే బదులు, ఆ వారంలోనే ఇంటికెళ్లి నోటు వెనకాల రాయించుకుంటే టెన్షన్ ఉండదు.

డబ్బు అసలే లేదంటే, బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం చాలు, పద్దెనిమిదో సెక్షన్ కింద అక్కడి నుంచీ కొత్త మూడేళ్లే. "బాకీ మాట నిజమే కానీ ఇప్పుడు ఇవ్వలేను" అని రాసినా పనికొస్తుంది. అది మీకే రాయాలని కూడా లేదు, మీ తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఉన్నా సరిపోతుంది. లేదా పాత నోటు తీసేసి అసలు, వడ్డీ కలిపి కొత్త నోటు తిరగరాయించుకోండి, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పడేలా చూసుకోండి, ఎందుకంటే స్టాంపు లేని ప్రామిసరీ నోటుని తర్వాత జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఇవన్నీ మూడేళ్లు నిండకముందే జరగాలి. ఒక్క రోజు దాటాక వేసిన చెల్లు గడువుని తిరిగి బతికించదు.

మరి దాటిపోతే? ఒకే ఒక దారి ఉంది. కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని బాకీదారుడు కొత్తగా రాతపూర్వకంగా మాట ఇచ్చి సంతకం పెడితే అది చెల్లుతుంది. బాకీ ఉన్నానని ఒప్పుకుంటే చాలదు, ఇస్తాను అన్న మాట అందులో ఉండాలి. అంటే అదంతా అవతలివాడి మంచితనం మీదే ఆధారపడి ఉంటుంది. మా నాన్న ఆ కాగితం అడగలేకపోయారు.

ఏవి గడువుని ఆపవో గట్టిగా చెప్తాను, ఎందుకంటే మన వైపు ఎక్కువమంది నష్టపోయేది వీటివల్లే. పెద్దమనుషుల దగ్గర పంచాయితీ ఏడాదిన్నర నడిచినా ఆ ఏడాదిన్నర లెక్కలోంచి పోదు. లాయరు నోటీసు పంపినా గడువు ఆగదు. ప్రభుత్వం మీద దావాకి ముందు ఇవ్వాల్సిన రెండు నెలల నోటీసు లాంటిది వేరు, ఆ రెండు నెలలు తీసేస్తారు. పోలీస్ స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చినా ఆగదు. నోటిమాట ఎంతమంది ముందు చెప్పినా అంతే. ఆలస్యమైందని క్షమాపణ పిటిషన్ వేసుకోవచ్చని కొందరు ధైర్యం చెప్తారు, లిమిటేషన్ యాక్ట్‌లోని ఆ ఐదో సెక్షన్ అప్పీళ్లకి, పిటిషన్లకి తప్ప దావాలకి వర్తించదు. పంచాయితీ వద్దనడం లేదు, నాకూ అదే ఇష్టం, కానీ పంచాయితీ మొదటి రోజే నోటు వెనకాల చెల్లు వేయించి ఆ తర్వాత కూర్చోండి. ఒప్పుకుంటే ఆయన మనసులో ఏముందో కూడా తెలిసిపోతుంది.

బాకీదారుడు ఊళ్లో లేడు, ఎలా? దుబాయ్, మస్కట్ లాంటి చోట్లకి వెళ్లి ఉంటే, ఆయన భారతదేశం బయట ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. సూరత్ వెళ్లినా, హైదరాబాద్ వెళ్లినా తియ్యరు. ఇటు గంజాం, అటు శ్రీకాకుళం నుంచి వలసపోయేవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఏ కోర్టులో వెయ్యాలి అన్నది బోర్డర్‌వాళ్లకి పెద్ద తలనొప్పి. బాకీ దావా అయితే ప్రతివాది నివాసం గాని, వ్యాపారం గాని ఉన్న చోట వెయ్యొచ్చు, లేదా లావాదేవీ ఎక్కడ జరిగిందో అక్కడ. నోటు మా ఇంట్లో రాసి, డబ్బు మా ఇంట్లో ఇచ్చి ఉంటే, బాకీదారుడు పాతపట్నంలో ఉన్నా పర్లాకిమిడిలో వెయ్యొచ్చు. అందుకే నోటు మీద ఊరి పేరు తప్పకుండా రాయించండి. భూమి దావా మాత్రం భూమి ఉన్న చోటే. ఒకే తగాదాలోని భూమి రెండు కోర్టుల పరిధిలో పడితే ఏదో ఒకదానిలో మొత్తానికీ వెయ్యొచ్చు. నిజాయితీగానే పొరపాటుపడి, పరిధి లేని కోర్టులో వేసి రెండేళ్లు తిరిగారనుకోండి, జాగ్రత్తగా నడిపినట్టు చూపిస్తే ఆ కాలాన్ని పద్నాలుగో సెక్షన్ కింద మినహాయిస్తారు. కాగితాలు తిరిగి చేతికొచ్చాక మాత్రం ఆలస్యం చెయ్యొద్దు.

భూమి సంగతి బాకీ కంటే ప్రమాదం. గడువు పన్నెండేళ్లు కాబట్టి తీరిగ్గా ఉంటాం. కానీ బాకీకి గడువు దాటితే దావా హక్కు పోతుంది గాని బాకీ అలాగే ఉంటుంది, భూమికి గడువు దాటితే లిమిటేషన్ యాక్ట్ 27వ సెక్షన్ ప్రకారం అసలు హక్కే పోతుంది. మీ పొలంలో ఇంకొకరు "ఇది నాదే" అని బాహాటంగా, మీకు వ్యతిరేకంగా పన్నెండేళ్లు ఉంటే, పట్టా మీ పేరున ఉన్నా తిరిగి తీసుకోలేరు. 2019లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, అలా హక్కు సంపాదించినవాడు తానే దావా వెయ్యొచ్చని కూడా చెప్పింది. కౌలుకి ఇచ్చినవాళ్లు, చూసుకోమని ఇచ్చినవాళ్లు ఏటా ఒక కాగితం రాయించుకోండి. మీ అనుమతితో ఉన్నాడని ఆ కాగితమే చెప్తుంది.

ఆడపిల్లల వాటా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అన్నయ్య ఊళ్లో ఉండి పొలం చేయిస్తుంటాడు, చెల్లెలు బోర్డర్ అవతల కాపురం చేసుకుంటుంది, ఏటా రెండు బస్తాల బియ్యం వస్తుంటాయి. ఉమ్మడి ఆస్తిలో ఒకరి చేతిలో భూమి ఉంటే అది అందరి తరఫునా ఉన్నట్టే, కాబట్టి ఊరికే గడువు మొదలవదు. "నీకు వాటా లేదు, పో" అని అన్నయ్య తేల్చి చెప్పి బయటపెట్టాడని ఆమెకి తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లు. ఆ రోజు తేదీ రాసి పెట్టుకోమ్మా, ఎవరి ముందు అన్నాడో కూడా. చిన్నప్పుడు గార్డియన్ ఎవరైనా మైనరు వాటా అమ్మేసి ఉంటే, ఆ అమ్మకం రద్దు చేయించుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండాక మూడేళ్లే ఉంటాయి, అంటే ఇరవై ఒకటో పుట్టినరోజు లోపు. మోసపు దస్తావేజు రద్దుకి, సంగతి తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్లు. స్థలానికి అగ్రిమెంటు రాసి బయానా ఇచ్చాక అవతలివాడు రిజిస్ట్రేషన్ చెయ్యకపోతే, అందులో రాసిన తేదీ నుంచి మూడేళ్లు, తేదీ లేకపోతే చెయ్యనన్నాడని తెలిసిన దగ్గర్నుంచి.

ఒడిశా వైపు భూములున్నవాళ్లకి ఇంకొకటి: సెటిల్‌మెంట్ రికార్డు, అంటే సర్వే చేసి ఏ భూమి ఎవరిదో ప్రభుత్వం రాసే రికార్డు, ఫైనల్‌గా ప్రచురించాక అందులో తప్పు పడితే సివిల్ కోర్టులో దావాకి మూడేళ్లే ఇచ్చారు. పట్టా వచ్చింది కదా అని బీరువాలో పెట్టకండి, పేర్లు, విస్తీర్ణం ఆ వారమే చూసుకోండి, ఒడియా చదవడం రాకపోతే వచ్చినవాళ్లతో చదివించుకోండి. రాయగడ, కొరాపుట్ లాంటి షెడ్యూల్డ్ ఏరియాల్లో ఆదివాసీల భూమికి వేరే రెగ్యులేషన్ ఉంది, దానికి ఈ పన్నెండేళ్ల లెక్క పెట్టకండి.

గెలిచాక కూడా గడువులుంటాయి. డిక్రీ, అంటే కోర్టు తీర్పు మీద ఇచ్చే ఉత్తర్వు, దాని అమలుకి పన్నెండేళ్లు. ఓడితే జిల్లా కోర్టుకి అప్పీలు ముప్పై రోజుల్లో, హైకోర్టుకి తొంభై; తీర్పు నకలు కోసం పట్టిన రోజులు తీసేస్తారు కాబట్టి నకలు దరఖాస్తు తీర్పు రోజే పెట్టించండి. మీరు లేకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతే దాన్ని తీయించడానికి ముప్పై రోజులు, సమన్లు మీకు సరిగ్గా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటు అసలు తీసుకెళ్లండి, రెండు వైపులా జిరాక్సు తీయించండి, డబ్బు ఎప్పుడెప్పుడు ముట్టిందో ఒక కాగితం మీద తేదీల వరుసలో రాసుకోండి. తెలుగు కాగితాలు ఒడిశా కోర్టులో పెట్టాలంటే అనువాదం చేయించాల్సి వస్తుంది, దానికీ రోజులు పడతాయి, అందుకే కనీసం రెండు నెలల ముందు వెళ్లండి. ఫీజు కట్టలేమని ఆగిపోకండి, జిల్లా న్యాయ సేవల సంస్థలో ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. ఈ రాత్రికి ముందు బీరువా తెరిచి ఇంట్లో ఉన్న నోట్ల తేదీలు చూడండి.