గొంతు ఈఎంజీకి వెళ్లేముందు జాగ్రత్తలు

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయి, స్వరతంత్రి (గొంతులో శబ్దం పుట్టించే మడత) కదలట్లేదని ఈఎంజీ, అంటే కండరంలోని విద్యుత్ సంకేతాల్ని సూదితో చూసే టెస్టు, రాశారా? ఆసుపత్రులుండే విజయవాడ సూర్యారావుపేటకి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. పేస్‌మేకర్ ఉన్నా చెప్పాలి.

గొంతు పోయి వారమే అయితే తొందరపడొద్దు, నరం దెబ్బతిన్న గుర్తులు కండరంలో తేలడానికి సుమారు 3 వారాలు పడుతుంది, అలాగని 6 నెలలు దాటనిస్తే ఈ టెస్టు వల్ల ఉపయోగం తగ్గిపోతుంది.

మెడకి పౌడర్, నూనె వద్దు. మన ఎండలకి పౌడర్ అలవాటేననుకోండి, ఆ ఒక్కరోజు మానేయండి.

సన్నటి సూది మెడ ముందు నుంచి గుచ్చి ‘ఈ...’ అనమంటారు, అందుకే మత్తివ్వరు. సూది ఉండగా మింగకూడదు. దగ్గొచ్చేలా ఉంటే చెయ్యెత్తండి.

ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తోందా? అది అన్నిటికంటే ముందు డాక్టర్‌కి చెప్పాల్సిన మాట.