బీచ్‌లో పొద్దున్నే పోర్ట్రెయిట్ తీస్తుంటే ముందు ఆకాశం సంగతి చూడండి

విశాఖ ఆర్‌కే బీచ్ తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి సముద్రం మీద సూర్యుడు దొరికేది ఉదయమే. సూర్యుడు వెనక ఉండేలా మనిషిని నిలబెడితే ముఖం నల్లబడుతుంది. ముఖానికి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) పెంచితే ఆకాశం తెల్లగా తేలిపోతుంది. ఫ్లాష్ వాడినా చాలామందికి మనిషిని కత్తిరించి అతికించినట్టు వస్తుంది. ముందు ఫ్లాష్ సెట్ చేసుకుని, తర్వాత వెనక సంగతి చూడటం వల్లే ఇది.

తిరగేసి చేయండి. ఫ్లాష్ ఆపి, మాన్యువల్ మోడ్‌లో ఆకాశం రంగు నిలిచేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. షట్టర్ వేగం 1/200 సెకను దాటనివ్వకండి, చాలా కెమెరాల్లో ఫ్లాష్ సింక్ (ఫ్లాష్, షట్టర్ కలిసి పనిచేసే గరిష్ఠ వేగం) ఆ చుట్టుపక్కలే ఆగుతుంది. అంతకంటే వేగంలోనూ ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్ ఉందిగా అంటారేమో, అది ఫ్లాష్ పవర్‌ను బాగా తినేస్తుంది. ఇప్పుడు ఫ్లాష్ ఆన్ చేసి, 1/16 పవర్‌తో మొదలుపెట్టి, ముఖం సరిపోయేదాకా పెంచుకుంటూ పోండి. ఆ తర్వాత 1/200 లోపు షట్టర్ వేగం తగ్గించినా పెంచినా మారేది ఆకాశమే, ముఖం మీది ఫ్లాష్ వెలుగు కాదు. ఈ ఒక్కటి అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి తీసేసి, ట్రిగ్గర్‌తో (దూరం నుంచి ఫ్లాష్‌ని వెలిగించే పరికరం) పక్కన 45 డిగ్రీల్లో, కళ్లకంటే కాస్త ఎత్తులో పెట్టండి. ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గొడుగు వాడితే స్టాండ్ ఎవరైనా పట్టుకోవాల్సిందే, బీచ్ గాలి ఊరుకోదు. పొద్దుటి ఎండ పసుపు, ఫ్లాష్ తెలుపు. ఫ్లాష్‌కి హాఫ్ సీటీఓ జెల్ (వెలుగును నారింజ వైపు తిప్పే పల్చటి రంగు షీట్) తగిలిస్తే రెండూ కలుస్తాయి.

బ్యాక్‌గ్రౌండ్‌లో సముద్రపు గీత మెడ మీదుగా పోకూడదు. కెమెరాను నడుము ఎత్తుకి దించండి, గీత కూడా నడుము దగ్గరికి దిగుతుంది, తల వెనక ఆకాశం ఒక్కటే ఉంటుంది.