పాతికేళ్ళ పాటను ఒక ఆల్బమ్‌గా కూర్చడం ఎలా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాలలో సొంతంగా తెలుగు పాటలు కట్టుకుని, చాలావరకు ఏ కంపెనీ అండా లేకుండా పాడుతూ వచ్చిన గాయకులలో మా అక్కను చేసుకున్న బావగారు ఒకరు. చేతిలో గిటారు, పక్కన జముకు అనే తీగ బిగించిన జానపద వాద్యం వాయించే మనిషి, గొంతులో సగం పాట, సగం కేక. పట్నం పిల్లలు ఈ తీరును ఫోక్-పంక్ అంటారు. 1970ల నడుమ న్యూయార్క్, లండన్ నగరాలలో తలెత్తిన పంక్ సంగీతపు దూకుడును 1980లలో కొందరు జానపద వాద్యాల మీదికి తేవడంతో ఆ పేరు స్థిరపడింది. జముకుల కథ వింటూ పెరిగిన మా బావగారికి ఆ చరిత్రతో పని పడలేదు గాని, ఆయన పాతికేళ్ళ పాటలను ఒకచోట కూర్చే పని మాత్రం నా మీద పడింది. అటువంటి పనికి పూనుకునేవారికి ఉపయోగపడుతుందని, నేను చేసిన తప్పులతో సహా ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, ఇది జనం మెచ్చిన పాటల జాబితా కాదన్న సంగతి. జనం మెచ్చినవి ఎలాగూ వారి ఫోన్లలో ఉన్నాయి. ఒక గొంతు ఏ ఏట ఎలా ఉండేది, ఎప్పుడు మారింది, ఏ ఊళ్ళో ఎవరి పక్కన నిలబడి పాడింది అన్నది వినేవారికి తెలియాలి. ఈ మాట ముందే అనుకుంటే తరువాత వచ్చే తగాదాలు చాలావరకు తప్పుతాయి.

పాటలు ఏరడానికి కూర్చోకముందు లెక్క రాయాలి. రూళ్ళ నోటు పుస్తకం ఒకటి తీసుకుని, దొరికిన ప్రతి క్యాసెట్టుకు, సీడీకి, మెమరీ కార్డుకు ఒక నంబరు వేసి, ఏ ఏడాది, ఏ ఊరు, ఏ పాటలు, ఎవరు వాయించారు, దేని మీద రికార్డు చేశారు అన్నవి వరుసగా రాయాలి. మాకు 41 క్యాసెట్లు, 9 సీడీలు దొరికాయి. అందులో సగానికి పైగా అట్టల మీద ఏమీ రాసి లేదు. తేదీ గుర్తు లేనప్పుడు గాయకుడిని ఒంటరిగా అడిగి లాభం లేదు. పక్కన వాయించినవారిని, మైకు సెట్టు పెట్టినవారిని కూర్చోబెడితే, బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రను ఆనవాలుగా పెట్టుకుని, ఇది ఆ యాత్రకు ముందా వెనకా అని వాళ్ళే తేలుస్తారు. మాకు పదిహేను తేదీలు అలాగే తేలాయి.

క్యాసెట్ల నుంచి పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ఈ పనిలో అన్నిటికంటే ఓపిక కోరే భాగం. మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కనుక, ముందుగా క్యాసెట్టు కిటికీలోంచి టేపు చుట్ట అంచును వెలుతురులో చూడాలి. తెల్లటి బూజు కనిపిస్తే దానిని ప్లేయర్‌లో పెట్టకూడదు. పెడితే ఆ బూజు, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌కు అంటి, తరువాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. బూజు లేకపోతే పెన్సిలుతో చివరిదాకా ఒకసారి చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టాలి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ప్లేయర్ మోటారు ఒక్కసారిగా లాగితే తెగిపోతాయి. టేపును హెడ్‌కు అదిమి పట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం మసకగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. అప్పుడు నాలుగు మూలల, నడుమన ఉండే అయిదు మరలు విప్పి, టేపును అదే రకం మరో క్యాసెట్టు పెట్టెలోకి మార్చాలి. మరలు లేకుండా అతికించిన పెట్టెను విప్పడం చేయి తిరిగినవారి పని.

ప్లేయర్ హెడ్‌ను ప్రతి క్యాసెట్టుకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. హెడ్ పక్కన ఉండే చిన్న మరను సన్నటి స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ, గిటారు తీగల మెరుపు, పాటలోని 'స', 'ష' అక్షరాల పదును ఎక్కడ ఎక్కువగా వినిపిస్తే అక్కడ ఆపాలి. ఈ ఒక్క మర తిప్పి చూడకపోవడం వల్లనే, పాత క్యాసెట్లన్నీ దుప్పటి కప్పినట్టే వినిపిస్తాయని చాలామంది అనుకుంటారు. ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా ఎక్కించాలి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు సరిపోతుంది. ఆ మొదటి ఫైలులో ఏ దిద్దుబాటూ చేయకూడదు.

ఈ చివరి నియమాన్ని నేనే మీరాను. పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డున పాడిన ఒక రాత్రి టేపులో హోరు ఎక్కువగా ఉందని, నాయిస్ తగ్గించే ఫిల్టరును గట్టిగా నొక్కి, స్థలం చాలడం లేదని అసలు ఫైలును తుడిచేశాను. వింటే హోరుతో పాటు జముకు తీగ మీది గరగర కూడా పోయింది. నీళ్ళలోంచి పాడినట్టు వచ్చింది. రెండో మారు ఎక్కించబోతే టేపు నడుమన తెగింది. మా బావగారు దానికి కోప్పడలేదు గాని, మరో పాటలో చరణం నడుమ వచ్చిన దగ్గును కత్తిరించబోయినప్పుడు మాత్రం చేయి పట్టుకున్నారు: "ఒరే బామ్మర్దీ, ఆ దగ్గు ఉంచీరా. ఆ రోజు నిజంగానే జొరం నాకు." ఆ దగ్గు ఆల్బమ్‌లో ఉంది. ఈ తరహా పాటలో జీర, కేక, తప్పిన తాళం అన్నీ పాట కిందికే వస్తాయి కనుక, వినడానికి అడ్డం వచ్చే దానిని మాత్రమే తగ్గించి, మిగిలినది వదిలేయాలి.

వేగం విషయంలో మాత్రం మొహమాటపడనక్కర లేదు. బ్యాటరీలు నీరసించిన టేప్ రికార్డర్ రికార్డు చేసేటప్పుడు నెమ్మదిగా తిరుగుతుంది. ఆ టేపును మామూలు వేగంతో వింటే గొంతు సన్నగా, పాట తొందరగా వినిపిస్తుంది. దీనిని సరిచేయడానికి ఒక ఉపాయం ఉంది. వేదిక మీది ఆంప్లిఫయర్ గుయ్యిమనే శబ్దం మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర టేపులో పడి ఉంటుంది. కంప్యూటర్ చూపే ఫ్రీక్వెన్సీల పటంలో ఆ 50 హెర్ట్జ్ శబ్దం 52 దగ్గర కనిపిస్తే, పాట 4 శాతం వేగంగా, అంటే అర్ధస్వరంలో మూడింట రెండు వంతులు పైకి ఉన్నట్టు. అయితే ఆ రోజుల్లో మన గ్రిడ్ కూడా నిలకడగా ఉండేది కాదు కనుక, చివరి తీర్పు హార్మోనియం పక్కన పెట్టుకుని చెవితో చెప్పుకోవాలి.

ఇక ఏరడం. సీడీలో 80 నిమిషాలు పడతాయి, ఎల్పీ రికార్డు ఒక్కో వైపు 20 నిమిషాలకు మించితే శబ్దం పలచబడుతుంది. ఏ రూపంలో తెచ్చినా గంట దాటకపోవడమే మేలని నా అభిప్రాయం. రెండున్నర, మూడు నిమిషాల పాటలు కనుక గంటలో ఇరవై దాకా వస్తాయి. గాయకుడు ఒక జాబితా, ఆయన పాట నచ్చని మనిషి ఒకరు ఒక జాబితా విడివిడిగా రాయాలి. ఇద్దరి జాబితాలలోనూ ఉన్న పాటలే వెన్నెముక అవుతాయి. మా ఇంట్లో ఆ రెండో మనిషి మా అక్కే. పాత పాటను ఇప్పటి గొంతుతో మళ్ళీ పాడి చేర్చాలన్న కోరిక ప్రతి గాయకుడికీ కలుగుతుంది. అసలు రికార్డు పూర్తిగా పాడైపోతేనో, హక్కులు ఇంకొకరి చేతిలో ఉంటేనో తప్ప దానికి ఒప్పుకోకూడదు.

వరుస విషయంలో ఏళ్ళ క్రమం సహజమే అయినా, మొదటి క్యాసెట్లే శబ్దంలో అధమంగా ఉంటాయి కనుక కొత్త శ్రోత మూడో పాట దగ్గరే వెళ్ళిపోతాడు. మేము ఇటీవలి పాటతో మొదలుపెట్టి వెనక్కి నడిచాము. గొంతు పాట పాటకూ పడుచుదవుతూ వస్తుంది. చివరి పాటలో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు గుణుపురం బస్టాండులో పాడుతుంటే వెనక కండక్టరు కేకలు వినిపిస్తాయి. శబ్ద స్థాయిని మీటరు చూసి కాక, గొంతు ఒకే దూరంలో ఉన్నట్టు చెవికి తోచేలా సరిపెట్టాలి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (చెవికి తోచే గట్టితనపు కొలత) స్థాయికి పాటలను సర్దుకుంటుంది కనుక, గట్టిగా వినిపించాలని శబ్దాన్ని అదిమి పెంచడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

హక్కుల కాగితాల దగ్గర తొందర పనికిరాదు. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో పాట మాటలు, బాణీ, రికార్డు మూడూ వేర్వేరు ఆస్తులు. మాటలకు, బాణీకి కర్త జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. రికార్డుకు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. రికార్డు హక్కు, దానిని తయారుచేయించే బాధ్యత తీసుకున్న నిర్మాతది. అందుచేత పాట మీదే అయినా, ఎప్పుడో ఒక క్యాసెట్ కంపెనీ ఖర్చు పెట్టి తీసిన రికార్డు మీది కాకపోవచ్చు. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమైనట్టుగా చట్టం భావిస్తుంది. మా బావగారు తొలి రోజులలో సంతకం చేసిన ఒక్క పేజీ ఒప్పందంలో గడువు మాటే లేదు. వకీలుకు చూపించాక, నాలుగు పాటలు తిరిగి మావే అని తేలింది. "శాశ్వతంగా" అన్న మాట ఉంటే సంగతి వేరు. అప్పుడు వకీలు సలహా లేకుండా ఆ పాటల జోలికి పోకూడదు. 2012 సవరణ తరువాత, మాటలు, బాణీ కట్టినవారికి రావలసిన రాయల్టీ హక్కును వారసులకో, కాపీరైట్ సంఘానికో తప్ప వేరెవరికీ రాసివ్వడానికి వీలు లేదు. రచయితలు, సంగీతకర్తల కోసం 1969లో ఏర్పడిన కాపీరైట్ సంఘం ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం ఇంకా లేకపోతే ఈ సందర్భంలోనే తీసుకోవడం మంచిది.

బాణీ ఊరిదైతే ఊరిదనే రాయాలి. మా ఆల్బమ్‌లో రెండు పాటల పల్లవులు సవర పల్లెలలో విన్నవి. ఆ ఊళ్ళకు వెళ్ళి, పెద్దలకు పాట వినిపించి, వారు సరేనన్నాక "బాణీ: సంప్రదాయం" అని, కింద ఊరి పేరుతో అచ్చువేశాము. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరివాళ్ళమై ఉండి, ఆ మాటలను తప్పుగా రాస్తే తలవంపులు కనుక, అక్షరాలను కూడా వారి చేతనే దిద్దించుకున్నాము.

పేరు దగ్గర మన సరిహద్దు జిల్లాలవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఇంట్లో విజయ్ అయిన మనిషి ఒడియా బడి సర్టిఫికెట్టులో బిజయ్ అవుతాడు. పాన్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి పడుతుంది. పాటల యాప్‌లలో రెండు రకాల అక్షరాలతో పాటలు ఎక్కితే ఇద్దరు గాయకులుగా రెండు పేజీలు తయారవుతాయి. కాబట్టి రంగస్థలం పేరు ఒక్కటే అన్నిచోట్లా ఒకే అక్షరాలతో ఇచ్చి, డబ్బు వచ్చే ఖాతా పేరు మాత్రం పాన్ కార్డు ప్రకారం ఇవ్వాలి. ప్రతి రికార్డుకు గుర్తింపుగా ఉండే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంకేతం ముందే విడుదలైన పాటకు ఉంటే అదే మళ్ళీ వాడాలి. కొత్తగా పాడినదానికి కొత్తది తీసుకోవాలి. సగం తెలుగు, సగం ఒడియా పాటకు భాష గడిలో ఏది రాయాలన్న ప్రశ్నకు, పల్లవి ఏ భాషలో ఉంటే అది అని మేము సర్దుకున్నాము.

యాప్‌లకు ఎక్కించే పంపిణీదారులలో కొందరు ఏటేటా రుసుము తీసుకుంటారు, అది ఆగితే పాటలు తీసేస్తారు. పాతికేళ్ళ పాటకు అటువంటి ఏర్పాటు తగదు. ఒకసారి చెల్లించేదో, వాటా తీసుకునేదో చూసుకోవాలి. స్పాటిఫైలో పాటల జాబితాలు కూర్చే సంపాదకుల దృష్టికి పాట పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజులు ముందు పంపాలి కనుక, నెల రోజుల ముందే ఫైళ్ళు ఎక్కించడం క్షేమం. శ్రోతలు నేరుగా పాటలు కొనే బ్యాండ్‌క్యాంప్ సైటులో డిజిటల్ అమ్మకం మీద 15 శాతం పోతుంది. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది, ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి చెల్లింపులు మానుకుంది. కనుక దానిని విదేశాల శ్రోతలకు వదిలి, మన ఊళ్ళ కచేరీల దగ్గర పాటల లింకు, యూపీఐ కోడ్ రెండూ అచ్చువేసిన అట్టముక్క అమ్మడం మేలు.

ఆల్బమ్ అట్టపెట్టెలోకి వెళ్ళే చిన్న పుస్తకంలో ప్రతి పాట కింద ఏడాది, ఊరు, వాయించినవారి పేర్లు తప్పక ఉండాలి, మైకు సెట్టు మనిషి పేరుతో సహా. అచ్చుకు పంపేముందు ఆ ప్రతిని వాయించినవారందరికీ చదివి వినిపించాలి. మాకు జముకు వాయించిన పెద్దాయన చదువుకోలేదు. రాయగడ వెళ్ళి చదివి వినిపిస్తే, తొమ్మిదో పాట దగ్గర ఆపి, ఆ రోజు వాయించింది తాను కాదని, చనిపోయిన తన తమ్ముడని చెప్పారు. ఆ పేరు మార్చాకే ఫైలు ప్రెస్సుకు వెళ్ళింది.