ఇంటి తోటలో పుట్టగొడుగులు, లైకెన్లు: కుక్కకూ పిల్లికీ ప్రమాదం లేకుండా చూసుకోవడం ఎలా?

తొలకరి తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పెరట్లో రెండు మార్పులు కంటపడతాయి. మామిడి, సపోటా, కొబ్బరి మొదళ్ళ మీద బూడిద రంగు, లేత ఆకుపచ్చ మచ్చలు ఒకటి. గడ్డిలో, కుండీల్లో, ఎరువు కుప్ప పక్కన రాత్రికి రాత్రి లేచే గొడుగులు రెండోది. చాలామంది మచ్చల్ని చూసి కంగారుపడి మందు కొడతారు, గొడుగుల్ని పట్టించుకోరు. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే చేయాల్సింది దీనికి తలకిందులు.

లైకెన్ల జోలికి పోవద్దు

బెరడుకు అతుక్కున్న మచ్చల్లా, ముడుచుకున్న చిన్న ఆకుల్లా కనిపించేవి లైకెన్లు. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి కాపురం చేస్తే లైకెన్. దీనికి వేర్లుండవు, చెట్టులోంచి ఆహారం లాగదు. వెలుతురులో నాచు తయారుచేసుకున్నదే ఇద్దరికీ తిండి. ఎదుగుదల మందగించిన ముసలి చెట్ల మీద ఎక్కువగా ఉంటుంది కాబట్టి చెట్టు ఎండడానికి ఇదే కారణమనుకుంటారు. నిజానికి కొమ్మ ఎండి ఆకు రాలాక వెలుతురు బాగా పడి లైకెన్ విస్తరిస్తుంది.

కుక్క ఆ బెరడు నాకినా, చిన్న పెచ్చు కొరికినా భయం లేదు. మరీ ఎక్కువ తింటే కడుపు చెడవచ్చు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. విషమున్నవాటిలో పేరుపడ్డది ఒకటుంది: వల్పినిక్ ఆమ్లం ఉండే పసుపుపచ్చ తోడేలు లైకెన్. పూర్వం ఐరోపాలో తోడేళ్ళను చంపడానికి ఎరలో కలిపేవారు. అది ఐరోపాలోనూ పశ్చిమ ఉత్తర అమెరికాలోనూ కొండ అడవుల్లో పెరుగుతుంది. అక్కడ కుక్కతో నడకకు వెళ్ళే తెలుగువాళ్ళు గమనించుకుంటే చాలు.

మన దగ్గర భయపడాల్సింది లైకెన్‌కు కాదు, దాన్ని పోగొట్టడానికి కొట్టే మందుకు. మొదలుకు బోర్డో మిశ్రమమో కాపర్ ఆక్సీక్లోరైడో పూస్తే కుక్క నాకేది రాగి. మచ్చలు చూడ్డానికి బాగాలేవనిపిస్తే నీళ్ళతో తడిపి కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దండి. మెట్ల మీద, నీళ్ళ తొట్టి చుట్టూ జారే పాచి వేరు. దాన్ని గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి. బ్లీచింగ్ పౌడర్ చల్లితే నేలను రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరాకే జంతువుల్ని వదలండి.

పుట్టగొడుగులు ఏరే పద్ధతి

వానాకాలంలో కుక్కను బయటికి వదిలేముందు రోజూ పొద్దున్నే తోట ఒక చుట్టు చూడాలి. ముఖ్యంగా కుక్కపిల్లలు కనిపించినదల్లా నోట పెట్టుకుంటాయి. పిల్లులు అరుదుగా తింటాయి.

1. చేతికి గ్లవ్స్ గానీ పాలిథిన్ కవరు గానీ తొడుక్కోండి. తాకినంత మాత్రాన విషం ఎక్కదు, ఇది శుభ్రత కోసం.
2. కాడను మధ్యలో తుంచకండి. పాత గరిటెతో కింద మట్టి లేపి, అడుగున ఉండే ఉబ్బుతో సహా తీయండి. మొగ్గల్లా ఉన్నవాటినీ వదలొద్దు.
3. కవరులో ముడివేసి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి. కంపోస్టు గుంతలో వేస్తే కుక్క తవ్వుకుంటుంది.
4. ఏరకముందు గడ్డి కోసే మెషిన్ నడపొద్దు. ముక్కలు లాన్ అంతా పడితే ఏరడం ఎవరివల్లా కాదు.

పైకి లేచేది కాయలాంటిది మాత్రమే, అసలు శిలీంధ్రం సన్నని దారాలుగా మట్టిలో ఉంటుంది. అందుకే పీకినచోటే మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పీకాలి. శిలీంధ్రనాశిని పోయడం డబ్బు దండగ.

గుర్తుపట్టాల్సినవి

కుండీల్లో వచ్చే పసుపుపచ్చ చిన్న గొడుగు ల్యూకోకోప్రైనస్ బిర్న్‌బౌమీ. మొక్కకు ఏమీ చేయదు, కుక్క తింటే వాంతులు చేసుకోవచ్చు. లాన్‌లో అరచేతి కన్నా వెడల్పుగా విచ్చుకునే తెల్లగొడుగు, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉంటే అది క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ కావచ్చు. అరగంట నుంచి మూడు గంటల్లోపు తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న జాతి కుక్క ఒంట్లో నీరు పోయి గంటల్లోనే నీరసించిపోతుంది. పేడ ఎరువు మీద లేచే సన్నకాడ గొడుగుల్లో కొన్ని మెదడు మీద పనిచేస్తాయి: కుక్క తూలుతుంది, ఉత్తపుణ్యానికి అరుస్తుంది.

తెల్లగొడుగు ఏదో తేల్చుకోవాలంటే కాడ కోసేసి, టోపీని దాని అడుగున మడతల్లా ఉండే రెక్కలు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. మాలిబ్డైటిస్ అయితే కాగితం మీద మాసిన ఆకుపచ్చ పొడి పడుతుంది. వేరే రంగు పడితే మంచిదని అర్థం కాదు. ప్రాణాంతకమైన అమానిటా జాతివి తెల్లపొడే రాలుస్తాయి. వెండి చెంచా నల్లబడటం, వెల్లుల్లి రంగు మారటం, పురుగులు తినటం లాంటి పరీక్షలేవీ పనికిరావు. పుట్ట మీద లేచేవి మనం కూర వండుకునేవే కదా అని ఊరుకోకండి, పక్కనే ఉన్న కుక్కగొడుగుకూ దానికీ తేడా కుక్కకు తెలియదు.

మళ్ళీ మళ్ళీ లేవకుండా

కుండీలో పైమట్టి రెండు మూడు సెంటీమీటర్లు తీసేసి కొత్తది వేయండి. వేలు గుచ్చితే మొదటి కణుపు దాకా పొడిగా ఉన్నప్పుడే నీళ్ళు పోయండి, అదీ ఉదయం పూట. కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలవనీయొద్దు. లాన్‌లో ఒకేచోట ఏటా లేస్తుంటే కింద పాత చెట్టు మొద్దో వేరో కుళ్ళుతున్నట్టు, తవ్వి తీయిస్తే సగం బెడద తగ్గుతుంది. సగం మగ్గిన పేడ బదులు మట్టివాసన వచ్చేదాకా మగ్గినది వాడండి.

ఎరువుల మాట వచ్చింది కాబట్టి: ఆముదం పిండి కుక్క ఉన్న ఇంట్లో వద్దే వద్దు. అందులో రైసిన్ విషం ఉంటుంది, పైగా కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి. ఎముకల పొడితో కలిపి వేస్తే మరీ ఎగబడతాయి. వానల్లో నత్తల కోసం చల్లే మెటాల్డిహైడ్ గుళికలూ అంతే ప్రమాదం.

తినేస్తే ఏం చేయాలి?

లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు. నోట్లో మిగిలిన ముక్కలు తీసి తడిగుడ్డతో తుడవండి. టైమ్ రాసుకోండి. వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేసి ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో, కుక్క బరువెంతో చెప్పండి. ఏ ఆసుపత్రి రాత్రిపూట తెరిచి ఉంటుందో వానాకాలం మొదట్లోనే కనుక్కుని పెట్టుకోవాలి.

అక్కడే మిగిలిన గొడుగును అడుగు ఉబ్బుతో సహా తీసి కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్‌లో చెమర్చి కుళ్ళిపోతుంది. పైభాగం, కింది రెక్కలు, కాడ అడుగు విడివిడిగా ఫోటో తీయండి. వాంతి చేసుకుంటే అదీ కొంచెం డబ్బాలో తీసుకెళ్ళండి.

ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, రక్తంలో ఉప్పు పెరిగి దానివల్లే ప్రాణం పోవచ్చు. పాలు, నెయ్యి విరుగుడు కావు. వంటింటి బొగ్గు నూరి పోస్తే అది యాక్టివేటెడ్ చార్‌కోల్‌లా (కడుపులో విషాన్ని పట్టుకునే మందు బొగ్గు) పని చేయదు. పారాసిటమాల్ అసలు ఇవ్వొద్దు, పిల్లికైతే అదే విషం. మగతగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో నీళ్ళు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కక్కించడమైనా, చార్‌కోల్ అయినా వైద్యుడి చేతిలో పని. మొదటి రెండు గంటల్లోపు వెళితే కక్కించడం వల్ల బాగా ప్రయోజనం ఉంటుంది.

చొంగ కారడం, కళ్ళ నీళ్ళు, అదుపు లేని మూత్రం గంటా రెండు గంటల్లో మొదలైతే కొన్ని గొడుగుల్లో ఉండే మస్కరిన్ విషం కావచ్చు. దానికి విరుగుడు అట్రోపిన్, మోతాదు వైద్యుడే తేల్చాలి. ఆలస్యంగా మొదలయ్యేదే అన్నిటికన్నా చెడ్డది. కొన్ని అమానిటా రకాల్లోని అమటాక్సిన్ అనే విషం ఆరు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియనివ్వదు. తర్వాత వాంతులు, విరేచనాలు, ఆపైన కొన్ని గంటలు కోలుకున్నట్టే ఉంటుంది, తిండి కూడా తినవచ్చు. ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అందుకే లేచి తిరుగుతోందని ఇంటికి తెచ్చేసుకోకండి. 24 గంటలకు, 48 గంటలకు కాలేయం పరీక్షలు, రక్తంలో చక్కెర చూపించి, వైద్యుడు చెప్పాకే తీసుకెళ్ళండి.